పొట్ట పెరిగింది, బరువు పెరగలేదు: కీళ్లవాతంతో వచ్చిన ఒక మహిళ కేసు పరిశీలన

ఖమ్మం జిల్లాలోని ఒక గ్రామానికి చెందిన 46 ఏళ్ల మహిళ, వ్యవసాయ కూలీ, రెండేళ్లుగా పొట్ట పెరుగుతోందని, నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోందని మా ఓపీకి వచ్చారు. ఆమె చేతిలో పట్టణంలోని ఒక ల్యాబ్ ఇచ్చిన రక్తపరీక్షల రిపోర్టు ఉంది. అందులో ఒంట్లోని ఇన్‌ఫ్లమేషన్‌ను (వాపు ప్రక్రియను) సూచించే సీఆర్‌పీ ఎక్కువగా ఉండటం చూసి, డిగ్రీ చదువుతున్న ఆమె కొడుకు ఫోన్‌లో వెతికాడు. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉంటే పొట్ట పెరుగుతుందని, అది తగ్గితే పొట్ట కరుగుతుందని చదివి, పసుపు సారం క్యాప్సూల్స్ తెప్పించి తల్లికి మూడు నెలల పాటు వాడించాడు. పొట్ట తగ్గలేదు. అతను చదివిన దానిలో మొదటి సగం ఈమె విషయంలో నిజమే. రెండో సగం మాత్రం నిజం కాదు. ఈ రెంటికీ మధ్య జరుగుతున్నదేమిటో ఈ కేసులో స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి, ఆమె అనుమతి తీసుకుని, మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చి, వివరంగా నమోదు చేస్తున్నాను.

వ్యాధి చరిత్ర

ఆమె అడిగింది పొట్ట గురించే అయినా, వ్యాధి మొదలైంది చేతివేళ్ల దగ్గర. మూడున్నరేళ్ల కిందట మిరపకాయలు ఏరే కాలంలో, ఉదయం లేవగానే వేళ్లు ముడుచుకోవడం లేదని, చెంబు కూడా పట్టుకోలేకపోతున్నానని గమనించారు. రెండు గంటలు గడిస్తే గానీ వేళ్లు స్వాధీనంలోకి వచ్చేవి కావు. క్రమంగా రెండు మణికట్లకు, మోకాళ్లకు, పాదాల ముందు భాగానికి కూడా నొప్పి పాకింది. మిరప ఏరడం వేళ్లతో చేసే పని, అదీ పొద్దున్నే మొదలయ్యే పని. వేళ్లు తొమ్మిదింటికి గానీ లొంగని మనిషికి ఆ రోజు కూలి పోయినట్టే. ఊళ్లోని ఆర్‌ఎంపీ ఇచ్చిన పొట్లం వేసుకుంటే సాయంత్రానికే నొప్పులు తేలికపడ్డాయని చెబుతూ, "ఆ గోళీలు ఏసుకున్న రోజే చేనుకు పోగలిగేదాన్ని సారూ" అన్నారు. తొలుత నొప్పి ఎక్కువైనప్పుడు మాత్రమే వాడిన ఆ గోళీలు, గత రెండేళ్లుగా రోజూ రెండు పూటలా వేసుకునేవిగా మారాయి.

అనేక కీళ్లలో నెలల తరబడి ఉన్న నొప్పి ఒక్క రోజులో మాయమైందని రోగి చెబితే, ఆ పొట్లంలో స్టెరాయిడ్ ఉందని అనుమానించవలసిందే. కాగితంలో చుట్టి ఇచ్చిన విడి బిళ్ళలను చూసి పేర్లు తేల్చడం సాధ్యం కాదు కాబట్టి, తరువాతిసారి స్ట్రిప్పులు అడిగి తీసుకురమ్మన్నాం. ఆమె తెచ్చిన మూడింటిలో ఒకటి డైక్లోఫెనాక్ అనే నొప్పి బిళ్ళ, ఒకటి గ్యాస్ బిళ్ళ, మూడోది అర మిల్లీగ్రాము డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. రోజుకు రెండు, నొప్పి ఎక్కువగా ఉన్న రోజుల్లో నాలుగు. ముప్పావు మిల్లీగ్రాము డెక్సామెథసోన్ అయిదు మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ అనే మరో స్టెరాయిడ్‌కు సమానం కాబట్టి, ఆమె రెండేళ్లుగా రోజుకు సుమారు 7 నుంచి 13 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ వాడినట్టు లెక్క. పైగా డెక్సామెథసోన్ శరీరంలో ఎక్కువసేపు పనిచేసే మందు. రాత్రిపూట వేసుకుంటే, మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు తయారుచేసే, తెల్లవారుజామున సహజంగా పెరగవలసిన సొంత స్టెరాయిడ్ అయిన కార్టిసాల్‌ను అది పూర్తిగా అణచివేస్తుంది.

మరో రెండు విషయాలు అడిగితే గానీ బయటికి రాలేదు. ఆమెకు 38వ ఏట గర్భసంచి ఆపరేషన్ జరిగింది. డిశ్చార్జి కాగితంలో అండాశయాలు రెండూ తీసేసినట్టు ఉంది. దేశంలో ఈ ఆపరేషన్లు ఎక్కువగా జరిగిన రాష్ట్రాలలో తెలుగు రాష్ట్రాలు రెండూ ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపాయి కనుక, మన దగ్గర నలభైల్లో ఉన్న మహిళ పొట్ట గురించి వచ్చినప్పుడు ఈ ప్రశ్న తప్పక అడగాలని నా అభిప్రాయం. అండాశయాలు తయారుచేసే ఈస్ట్రోజెన్ హార్మోను తగ్గాక తుంటి, తొడల దగ్గర చేరవలసిన కొవ్వు నడుము వైపు మళ్లుతుంది. ఆ పాత కాగితమే ఇంకో విధంగా కూడా ఉపయోగపడింది. అందులో ఆమె బరువు 55 కిలోలు. ఇప్పుడు మా దగ్గర తూచితే 58. ఎనిమిదేళ్లలో మూడు కిలోల తేడా ఇంత పొట్టను వివరించదు. రెండో విషయం ఆమె యథాలాపంగా అన్న మాట: రవికెలకు నడుము దగ్గర కుట్లు విప్పించుకోవలసి వచ్చిందట, చేతులు మాత్రం వదులైపోయాయట. కండ తగ్గి కొవ్వు పెరిగిందనడానికి ఇంతకన్నా సూటిగా ఏ రోగీ చెప్పలేరు.

పరీక్షలో కనిపించినవి

ఎత్తు 152 సెంటీమీటర్లు, బీఎంఐ 25.1. భారతీయులకు నిర్ణయించిన ప్రమాణాల ప్రకారం 25 దాటితే ఊబకాయం కనుక, ఆమె సరిగ్గా గీత మీద ఉన్నారు. నడుము చుట్టుకొలత మాత్రం 94 సెంటీమీటర్లు. దక్షిణాసియా మహిళలకు హద్దుగా చెప్పేది 80. ఈ కొలత తీసుకునే పద్ధతి గురించి ఒక మాట. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యన, మామూలుగా ఊపిరి వదిలిన తరువాత, చర్మం మీదే టేపు పెట్టి కొలవాలి. చీర కట్టుకున్నవారిలో లంగా బొందు వదులు చేయించకుండా కొలిస్తే, బొందు నొక్కిన చోట కొలత తగ్గుతుంది, దానికి పైన కొలిస్తే పెరుగుతుంది. ప్రతిసారీ ఒకే చోట కొలవకపోతే నెలల తరువాత పోల్చుకోవడానికి ఆ అంకె ఎందుకూ పనికిరాదు.

ముఖం గుండ్రంగా ఉబ్బి ఉంది. మెడ వెనుక కొవ్వు చేరింది. చేతులు, తొడలు సన్నగా ఉన్నాయి. ముంజేతుల మీద చర్మం పలచబడి, చిన్న దెబ్బకే కమిలిన మచ్చలు కనిపించాయి. కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా అయిదుసార్లు లేచి కూర్చోవడానికి 21 సెకన్లు పట్టింది. నేల మీద నుంచి ఊతం లేకుండా లేవలేకపోయారు. వేళ్ల మధ్య కణుపులు, మణికట్లు వాచి, నొక్కితే నొప్పి. రక్తపోటు 148/92.

పొట్ట పెరిగిందని వచ్చిన ఎవరికైనా, అది కొవ్వేనా అన్నది ముందు తేల్చుకోవాలి. అల్ట్రాసౌండ్‌లో నీరు గానీ గడ్డలు గానీ లేవు, కాలేయంలో కొవ్వు ఉంది. థైరాయిడ్ సరిగానే ఉంది. పరగడుపు చక్కెర 118, భోజనం చేసిన రెండు గంటలకు 224, మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 6.9. పరగడుపు అంకె కాస్త మాత్రమే ఎక్కువగా ఉండి, భోజనం తరువాతి అంకె ఇంతగా పెరగడం స్టెరాయిడ్ వాడేవారిలో తరచుగా చూసేదే. హిమోగ్లోబిన్ 9.8, ఇన్‌ఫ్లమేషన్‌ను సూచించే మరో పరీక్ష ఈఎస్‌ఆర్ 62, సీఆర్‌పీ లీటరుకు 24 మిల్లీగ్రాములు. కీళ్లవాతాన్ని పట్టిచ్చే రక్తపరీక్షలు రుమటాయిడ్ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రెండూ పాజిటివ్; చేతుల ఎక్స్‌రేలో కణుపుల అంచులు అరిగిన గుర్తులున్నాయి. అంటే ఇది రుమటాయిడ్ ఆర్థరైటిస్, మనవాళ్లు కీళ్లవాతం అనేది. ఉదయం ఎనిమిదింటికి తీసిన రక్తంలో కార్టిసాల్ డెసిలీటరుకు 1.8 మైక్రోగ్రాములు. డెక్సామెథసోన్ ఈ పరీక్షలో కార్టిసాల్‌గా లెక్కకు రాదు కాబట్టి, ఆమె అడ్రినల్ గ్రంథులు దాదాపుగా పని మానేశాయని ఈ అంకెను నమ్మి చెప్పవచ్చు.

సీఆర్‌పీ 24 దగ్గర కాస్త ఆగాలి. పొట్ట కొవ్వు వల్ల సీఆర్‌పీ పెరుగుతుందన్నది నిజమే కానీ, ఆ పెరుగుదల సాధారణంగా మూడుకూ పదికీ మధ్య ఉంటుంది. పది దాటితే ఆ నింద పొట్ట మీద వేసి ఊరుకోకూడదు. దాగి ఉన్న ఇన్‌ఫెక్షన్, చిగుళ్ల వ్యాధి, క్షయ, కీళ్లవాతం వంటి వాటి కోసం వెతకాలి. ఈమె విషయంలో స్టెరాయిడ్ వాడుతూ ఉండగానే 24 వచ్చిందంటే, వ్యాధి అసలు తీవ్రత అంతకన్నా ఎక్కువన్నమాట. ల్యాబ్ రిపోర్టులో ఆ అంకె పక్కన బాణం గుర్తు పెట్టి వదిలేశారు. దాన్ని చూసిన ఇద్దరు ముగ్గురు కూడా "లావు వల్ల" అని పంపేశారట.

ఆ నడుముకు కారణాలు

ఈ రోగిలో పొట్ట కొవ్వుకూ దీర్ఘకాలిక ఇన్‌ఫ్లమేషన్‌కూ సంబంధం మూడు దారుల్లో నడిచింది. మూడూ ఒకదాన్నొకటి పెంచుకున్నాయి.

మొదటిది కీళ్లవాతమే. ఈ వ్యాధిలో కీళ్ల పొరల్లో తయారయ్యే టీఎన్‌ఎఫ్ ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేత ప్రొటీన్లు కీళ్ల దగ్గరే ఆగిపోవు. రక్తంలో తిరుగుతూ కండరాలలో ప్రొటీన్ విచ్ఛిన్నాన్ని పెంచుతాయి. మనిషిని కృశింపజేసే పదార్థంగా కెకెక్టిన్ అన్న పేరుతో వేరుచేసిన ప్రొటీనూ, టీఎన్‌ఎఫ్ ఆల్ఫా అనే ప్రొటీనూ ఒకటేనని 1985లో బ్యూట్లర్, సెరామీ బృందం తేల్చింది. క్యాన్సర్‌లోనో క్షయలోనో అయితే కండతో పాటు కొవ్వు కూడా పోయి, మనిషి చిక్కిపోవడం పైకి కనిపిస్తుంది. కీళ్లవాతంలో కండ పోతుంది గానీ, నొప్పి వల్ల కదలిక తగ్గి, ఆకలి మిగిలి ఉండటం వల్ల, పోయిన కండ చోట కొవ్వు చేరుతుంది. తూనికలో తేడా కనబడదు. వైద్యులు దీన్ని రుమటాయిడ్ కెకెక్సియా అంటారు. మూడు కిలోలు మాత్రమే పెరిగిన ఈమె శరీరంలో కండ ఎంత పోయిందో, కొవ్వు ఎంత చేరిందో తూనిక యంత్రం చెప్పదు. రవికె చేతులు చెప్పాయి.

రెండోది స్టెరాయిడ్. కీళ్లవాతానికి కార్టిజోన్‌ను తొలిసారి 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం వాడినప్పుడు, మంచం పట్టిన రోగి కొద్ది రోజుల్లోనే లేచి నడవడం వైద్యలోకాన్ని విస్మయపరచింది. 1950లో హెంచ్, కెండల్, రైష్టైన్‌లకు నోబెల్ వచ్చింది. గుండ్రటి ముఖం, పెరిగే పొట్ట, పలచబడే చర్మం, పెళుసుబారే ఎముకలు ఆ వెంటనే తెలిసివచ్చాయి. ఖమ్మం పల్లెలో పొట్లం వేసుకుని చేనుకు వెళ్లగలిగిన ఈమె అనుభవం, ఆ మొదటి రోగి అనుభవానికి పెద్దగా భిన్నమైనది కాదు, అందుకే ఆ గోళీలు వాడినందుకు ఆమెను మందలించే ప్రయత్నం మేము చేయలేదు.

స్టెరాయిడ్ పొట్టనే ఎందుకు ఎంచుకుంటుందన్నది ఆలోచించదగిన సంగతి. పేగుల మీద కప్పి ఉండే ఒమెంటం అనే కొవ్వు పొరలోనూ, దాని చుట్టుపక్కల కొవ్వులోనూ స్టెరాయిడ్‌ను అందుకునే రిసెప్టర్లు చర్మం కింది కొవ్వులో కన్నా ఎక్కువ. అంతేకాక ఈ కొవ్వు కణాలలో 11 బీటా హెచ్‌ఎస్‌డీ-1 అనే ఎంజైము ఉంటుంది. రక్తంలో నిష్క్రియంగా తిరిగే కార్టిజోన్‌ను అది అక్కడికక్కడే క్రియాశీలమైన కార్టిసాల్‌గా మారుస్తుంది. ఒమెంటంలోని కొవ్వు కణాలు ఈ మార్పు చేయగలవని బర్మింగ్‌హామ్ పరిశోధకులు 1997లో చూపి, పొట్ట ఊబకాయమంటే ఒమెంటానికి మాత్రమే వచ్చిన కుషింగ్స్ వ్యాధా (ఒంట్లో కార్టిసాల్ మితిమీరడం వల్ల వచ్చే వ్యాధా) అని ప్రశ్నించారు. కొవ్వు కణాలలో మాత్రమే ఈ ఎంజైము ఎక్కువగా ఉండేలా మార్చిన ఎలుకలకు, రక్తంలో స్టెరాయిడ్ పెరగకుండానే, పొట్ట కొవ్వూ చక్కెర సమస్యా వచ్చాయని 2001లో మరో బృందం చూపింది.

ఈ ఎంజైమును పెంచే వాటిలో టీఎన్‌ఎఫ్ ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-1 కూడా ఉన్నాయి. ఇన్‌ఫ్లమేషన్‌కూ పొట్ట కొవ్వుకూ మధ్య ఉన్న అసలు ముడి, నా దృష్టిలో, ఇక్కడే ఉంది. దీర్ఘకాలిక ఇన్‌ఫ్లమేషన్ ఉన్న శరీరంలో, బయటి నుంచి ఒక్క గోళీ వేసుకోకపోయినా, పొట్ట లోపలి కొవ్వు తనకు కావలసిన కార్టిసాల్‌ను తానే కొంత తయారుచేసుకోగలదు. ఇన్‌ఫ్లమేషన్‌ను అణచడానికి శరీరం చేసుకునే ఏర్పాటు ఇది కావచ్చు. దాని మూల్యం మాత్రం నడుము దగ్గర చెల్లిస్తుంది. ఈమెలో ఈ లోపలి కార్టిసాల్ మీద బయటి డెక్సామెథసోన్ వచ్చి చేరింది, గర్భసంచి ఆపరేషన్‌తో పోయిన ఈస్ట్రోజెన్ రక్షణ ఎలాగూ లేదు.

మూడోది వెనుదిరిగి వచ్చే దారి, అంటే చేరిన కొవ్వే ఇన్‌ఫ్లమేషన్‌ను పెంచడం. లావెక్కిన ఎలుకల కొవ్వులో టీఎన్‌ఎఫ్ ఆల్ఫా తయారవుతోందని, అది ఇన్సులిన్ పనిని అడ్డుకుంటోందని 1993లో హోటామిస్లిగిల్, స్పీగల్‌మన్ బృందం చూపింది. ఉబ్బిన కొవ్వు కణాల చుట్టూ మాక్రోఫేజ్‌లనే తెల్ల కణాలు వచ్చి చేరతాయని 2003లో రెండు బృందాలు విడివిడిగా ప్రకటించాయి. పొట్ట లోపలి కొవ్వు నుంచి వచ్చే రక్తం పోర్టల్ సిర ద్వారా నేరుగా కాలేయానికి చేరుతుంది. దానిలోని ఇంటర్‌ల్యూకిన్-6 కాలేయం చేత సీఆర్‌పీని తయారు చేయిస్తుంది. ఈ మూడో దారి నిజమే అయినా ఈమెలో దాని వాటా చిన్నది. 24లో ఎంత భాగం కీళ్లది, ఎంత భాగం పొట్టది అన్నది చికిత్స తరువాత మిగిలిన అంకెను బట్టి అంచనా వేయగలిగాం.

చికిత్స

వరుస ముఖ్యం. ముందు కీళ్లవాతాన్ని అదుపులోకి తెచ్చే మందు మొదలుపెట్టాలి. అది పని చేయడం మొదలైన తరువాతే స్టెరాయిడ్ తగ్గించాలి. కండ పెంచే పని మొదటి రోజు నుంచీ నడవాలి. పొట్టను లక్ష్యంగా పెట్టుకుని ముందుగా స్టెరాయిడ్ ఆపేసి ఉంటే, అడ్రినల్ గ్రంథులు నిద్రలో ఉన్న ఈ మనిషికి వాంతులు, రక్తపోటు పడిపోవడం వంటి ప్రాణాపాయం వచ్చేది. "గోళీలు మానేస్తే పొట్ట తగ్గుద్దా సారూ" అని ఆమె అడిగినప్పుడు, ఒక్కరోజు కూడా మీ అంతట మీరు మానవద్దని చెప్పడానికి ఆ సందర్శనలో ఎక్కువ సమయం తీసుకున్నాం.

ఛాతీ ఎక్స్‌రే, హెపటైటిస్ బి, సి పరీక్షలు, కిడ్నీ, కాలేయ పరీక్షలు చూసుకుని మెథోట్రెక్సేట్ వారానికి పది మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, రెండు నెలల్లో పదిహేనుకు పెంచాం. మరుసటి రోజు ఫోలిక్ ఆసిడ్. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవలసిన మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం పోవచ్చు. చదువు రాని రోగికి వారం పేరు రాసిచ్చి ప్రయోజనం లేదు కాబట్టి, వాళ్ల ఊరి సంత రోజును మందు రోజుగా ఆమే ఎంచుకున్నారు. కాలేయంలో ఇప్పటికే కొవ్వు ఉంది కనుక కల్లు గురించి అడిగాం. పండగలకు, పొలం పనులు ముగిసిన రోజుల్లో తాగుతానన్నారు, మానేయడానికి ఒప్పుకున్నారు. కీళ్లవాతానికే వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ 200 మిల్లీగ్రాములు కూడా చేర్చాం.

డెక్సామెథసోన్ స్థానంలో ఉదయం ఒకేసారి వేసుకునే ప్రెడ్నిసొలోన్ 10 మిల్లీగ్రాములు ఇచ్చాం. మెథోట్రెక్సేట్ ప్రభావం కనిపించడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. అప్పటిదాకా ఆమె కూలికి వెళ్లగలగాలి, లేకపోతే పాత పొట్లానికే తిరిగి వెళతారు. డైక్లోఫెనాక్ ఆపేశాం. చక్కెరకు మెట్‌ఫార్మిన్, ఎముకలకు కాల్షియం, విటమిన్ డి ఇచ్చాం. జ్వరం వస్తే స్టెరాయిడ్ మోతాదు రెట్టింపు చేయాలని, వాంతులైతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలని తెలుగులో రాసిన కార్డు ఒకటి కొడుకుకు, ఒకటి ఊళ్లోని ఆర్‌ఎంపీకి ఇచ్చి పంపాం. జ్వరమొస్తే ఆమె మొదట వెళ్లేది ఆయన దగ్గరకే కాబట్టి, ఆయన్ను పక్కన పెట్టి చేసే ఏ ఏర్పాటూ నిలవదు.

తిండి విషయంలో ఆమెను తక్కువ తినమని చెప్పలేదు. కండ పోయిన మనిషికి అన్నం తగ్గించి ఊరుకుంటే మిగిలిన కండ కూడా పోతుంది. ఉదయం పచ్చడి అన్నం, మధ్యాహ్నం చారన్నం, రాత్రి మళ్లీ అన్నం తినే ఆమె పళ్లెంలో రోజు మొత్తానికి 30 గ్రాములకు మించి ప్రొటీన్ లేదు. ఉదయం రెండు గుడ్లు, మధ్యాహ్నం గట్టి పప్పు, సాయంత్రం ఉడికించిన శనగలో పల్లీలో, రాత్రి జొన్నరొట్టెతో పెరుగు అన్న మార్పులతో అది 55 గ్రాముల దగ్గరకు వచ్చింది. అన్నం ఆ మేరకు దానంతటదే తగ్గింది. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడను ఆనుకుని చేతులతో నెట్టడం, నీళ్లు నింపిన లీటరు సీసాలు ఎత్తడం వంటివి వారానికి మూడు రోజులు చేయమన్నాం. పొలంలో పని చేసే మనిషికి వ్యాయామం ఎందుకని కొడుకు అడిగాడు. మిరప ఏరడం గంటల తరబడి వంగి చేసే పని, దానివల్ల అలసట వస్తుంది గానీ తొడ కండరం బలపడదు.

ఏడాదిలో వచ్చిన మార్పు

మూడు నెలల తరువాత ఉదయపు బిగుతు అరగంటకు తగ్గింది, సీఆర్‌పీ 9కి, ఈఎస్‌ఆర్ 34కు వచ్చాయి. నడుము మాత్రం 95. ఒక సెంటీమీటరు పెరిగింది. కొడుకు నిరాశపడ్డాడు. ఇన్‌ఫ్లమేషన్ సగానికి పైగా తగ్గినా పొట్ట కదలకపోవడం మాకు ఆశ్చర్యం కలిగించలేదు, ఎందుకంటే అప్పటికింకా ప్రెడ్నిసొలోన్ ఏడున్నర మిల్లీగ్రాముల దగ్గరే ఉంది. ఆరో నెలకు అయిదు మిల్లీగ్రాములకు దిగాక నడుము 91 అయింది. అన్నిటికన్నా ముందు తగ్గింది ముఖం ఉబ్బు. ఊళ్లో అందరూ చిక్కిపోయావన్నారట, అప్పటికి తగ్గిన బరువు కిలో లోపే.

ఏడో నెలలో మిరప ఏరే కాలం వచ్చింది. నొప్పులు పెరగడంతో, వారం రోజుల పాటు పాత పొట్లం మళ్లీ వాడారు. ఆ విషయం ఆమే చెప్పారు; భోజనం తరువాతి చక్కెర 240 దాటి ఉండటంతో మేమూ అనుమానించాం. మెథోట్రెక్సేట్‌ను ఇరవైకి పెంచాం, స్టెరాయిడ్ తగ్గింపును ఆరు వారాలు వాయిదా వేశాం. వ్యాధి పూర్తిగా అదుపులో లేదన్న సూచనగానే దాన్ని తీసుకున్నాం.

ఆ తరువాత నెలకు ఒక మిల్లీగ్రాము చొప్పున తగ్గిస్తూ, పన్నెండో నెలకు రెండు మిల్లీగ్రాముల దగ్గరకు వచ్చాం. ముందురోజు ఉదయం వేసుకున్న మోతాదు తరువాత 24 గంటలు ఆగి తీసిన రక్తంలో కార్టిసాల్ 10.8, గ్రంథులు కోలుకున్నాయి. డెక్సామెథసోన్‌లా కాకుండా ప్రెడ్నిసొలోన్ ఈ పరీక్షలో కొంతవరకు కార్టిసాల్‌గా లెక్కకొస్తుంది కాబట్టి ఆ వ్యవధి తప్పనిసరి. మరుసటి నెలలో స్టెరాయిడ్ పూర్తిగా ఆగిపోయింది. ఏడాది ముగిసేసరికి బరువు 57 కిలోలు, నడుము 86 సెంటీమీటర్లు, సీఆర్‌పీ 4.2, హెచ్‌బీఏ1సీ 6.2. అయిదుసార్లు లేచి కూర్చోవడం 12 సెకన్లలో పూర్తయింది. బరువు ఒక్క కిలో తగ్గితే నడుము ఎనిమిది సెంటీమీటర్లు తగ్గడానికి కారణం, కొవ్వు పోయిన మేర కండ తిరిగి రావడం. తూనిక యంత్రం ఒక్కటే ఉన్న క్లినిక్‌లో ఈ చికిత్స విఫలమైనట్టే నమోదయ్యేది.

మిగిలిన 4.2

కీళ్లు దాదాపు పూర్తిగా నెమ్మదించాయి, వాపు లేదు. అయినా సీఆర్‌పీ 4.2 దగ్గర ఆగింది. మా అంచనాలో ఇది పొట్ట కొవ్వు వాటా. 80 ఉండవలసిన నడుము ఇంకా 86 ఉంది. ఈ అంకెను కిందికి దించడానికి మెథోట్రెక్సేట్ పెంచడం గానీ, ఖరీదైన బయోలాజిక్ ఇంజెక్షన్లకు వెళ్లడం గానీ సరికాదని మా నిర్ణయం. ఇన్‌ఫ్లమేషన్‌ను మందుతో అణచినంత మాత్రాన పొట్ట కరగదని చెప్పడానికి ఈ ఒక్క రోగి చాలకపోవచ్చు. పెద్ద పరిశోధనలు కూడా అదే చెబుతున్నాయి. ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను అడ్డుకునే మందును పది వేల మందికి పైగా గుండె రోగులలో పరీక్షించిన కాంటోస్ అధ్యయనంలో సీఆర్‌పీ బాగా తగ్గింది, గుండెపోట్లు కొంత తగ్గాయి, కానీ కొత్తగా మధుమేహం రావడం తగ్గలేదు.

ఇంకా ఆసక్తికరమైనది 2019లో డెన్మార్క్ పరిశోధకులు ప్రకటించిన ఫలితం. పొట్ట ఊబకాయం ఉన్నవారి చేత పన్నెండు వారాలు సైకిల్ వ్యాయామం చేయిస్తే పొట్ట లోపలి కొవ్వు తగ్గింది. అదే వ్యాయామం చేస్తూ ఇంటర్‌ల్యూకిన్-6ను అడ్డుకునే టొసిలిజుమాబ్ తీసుకున్నవారిలో ఆ తగ్గుదల కనిపించలేదు. కీళ్ల దగ్గర హాని చేసే ఇంటర్‌ల్యూకిన్-6, పనిచేస్తున్న కండరం నుంచి వెలువడినప్పుడు పొట్ట కొవ్వును కరిగించడానికి తోడ్పడుతుందన్నమాట. పసుపు క్యాప్సూల్ తల్లి పొట్టను ఎందుకు కరిగించలేదని కొడుకు అడిగినప్పుడు అతనికి ఈ ఫలితం గురించే చెప్పాను. కీళ్లవాతం ఉన్న మనిషి మందు ఖర్చులో ఆ డబ్బును కూడా కలుపుకోవడం దండగని కూడా చెప్పాను. పసుపు కూరలో వేసుకుంటే చాలు.

ప్రస్తుతం ఆమె వారానికి ఇరవై మిల్లీగ్రాముల మెథోట్రెక్సేట్, హైడ్రాక్సీక్లోరోక్విన్, మెట్‌ఫార్మిన్ మీద ఉన్నారు. రక్తపోటు మందు లేకుండానే 132/84 దగ్గర నిలకడగా ఉంది. మూడు నెలలకోసారి రక్తకణాలు, కాలేయ పరీక్షలు, ఏడాదికోసారి కంటి పరీక్ష జరగాలి. రెండేళ్ల స్టెరాయిడ్, 38వ ఏటే ఆగిన ఈస్ట్రోజెన్, ఈ రెంటి భారం మోసిన ఎముకల సాంద్రత పరీక్షను ఇటీవలే చేయించాం: వెన్నుపూసలో టీ స్కోరు మైనస్ 2.6, అంటే ఎముకలు గుల్లబారాయి. ఎముకలు గుల్లబారడానికి వారానికోసారి వేసుకునే అలెండ్రొనేట్ అనే మందు మొదలుపెట్టాం. ఇది కూడా వారపు బిళ్ళే కనుక మెథోట్రెక్సేట్‌తో కలిసిపోకుండా, దాన్ని ఆదివారం పరగడుపున వేసుకునేలా వేరే రంగు డబ్బాలో పెట్టి ఇచ్చాం.